ఆఖరి కేసు

హెచ్.ఐ.వి. మందులు వేసుకుంటూ ఇరవై ఏళ్లు బతికినవాళ్లకు ఆ తర్వాత ఏమవుతుంది? ఎముక ఎందుకు గుల్లబారుతుంది, గుండె ఎందుకు ముందే ముసలిదైపోతుంది? విజయనగరంలో డాక్టరుగా నా జీవితమంతా ఈ పరిశోధనతోనే గడిచింది. జబ్బంటే నాకెప్పుడూ రోత పుట్టలేదు. నా తోటి డాక్టర్లే పుట్టించారు.

లక్ష్మణమ్మది గజపతినగరం పక్క పల్లె. పోయిన మొగుడు అంటించిన జబ్బు. ఊళ్లో కీళ్లవాతమని చెప్పుకుని, మరిది ఇంట్లో ఓ గదిలో నెట్టుకొస్తోంది. ఇప్పుడు తుంటి ఎముక చచ్చిపోయింది. మార్చకపోతే ఇక మంచమే గతి.

మార్చాల్సినవాడు మా ఎముకల సర్జన్ ఉదయభాస్కర్. నా పరిశోధనని సభల్లో తెగ మెచ్చుకుంటాడు. పైన పటారం, లోన లొటారం.

థియేటర్లో ఒక ఆనవాయితీ ఉంది. ఈ జబ్బున్నవాళ్లని ఆఖరి కేసుగా పెడతారు. లక్ష్మణమ్మ రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా సాయంత్రం దాకా పడుంటుంది. అప్పటికి మత్తు డాక్టరు వెళ్లిపోతాడు. మళ్లీ వారం రమ్మంటారు. వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు.

"ఎముక్కి సస్తానో, ఆకలికి సస్తానో తెలవడం నేదమ్మా," అంది ఓ సాయంత్రం.

ఉదయభాస్కర్‌ని అడిగితే, మిగతా పేషెంట్ల క్షేమం చూడాలి కదా మేడమ్ అని నవ్వాడు. అందరికీ తీసుకునే జాగ్రత్తలే ఆమెకీ చాలని అతనికి తెలుసు. తెలిసీ నవ్వాడు. 

ఆ నెలలోనే నాకు సన్మానం చేశారు. బొబ్బిలి వీణ బొమ్మ, దండ, శాలువా. శాలువా పట్టుకుని ముందుకొచ్చింది అతనే. నేను తల వంచలేదు. సోమవారం లక్ష్మణమ్మది మొదటి కేసు అయితేనే కప్పించుకుంటానని మెల్లగా చెప్పాను. ఎదురుగా కెమెరాలు. పళ్లికిలించి సరేనన్నాడు.

సోమవారం పొద్దున్నే ఆపరేషన్ అయింది. బాగా చేశాడు, చేతులు మంచివే. బయటికి రాగానే థియేటర్ మూయించాడు, రెండు రోజులు కడగాలట. పస్తులతో కాచుకున్న మిగతావాళ్లందరినీ వెనక్కి పంపేశారు. ఎందుకని వాళ్లు గొడవపడితే, ఆ మూల మంచం ఆవిడకి ఎయిడ్స్ ఉందని, మేడమ్ పట్టుబట్టి ముందు చేయించిందని వరండాలో నిలబడి మరీ చెప్పాడు. విన్నవాళ్లలో లక్ష్మణమ్మ ఊరి గంగులు ఉన్నాడు, విరిగిన చేత్తో.

ఉదయభాస్కర్ మొహాన ఉమ్మేయాలనిపించింది. ఫిర్యాదు రాశాను. విచారణ జరుగుతోంది. మాట మాత్రం అదే రోజు ఊరు చేరిపోయింది.

కుట్లు విప్పిన రోజు లక్ష్మణమ్మ వాకర్ పట్టుకుని వరండా చివరి దాకా నడిచింది. ఇక ఇంటికి పంపేస్తానన్నాను. ఆమె గేటు వైపు చూపించింది. మరిది పొద్దున వచ్చి ఆమె బట్టలు, కంచం మూటగట్టి అక్కడ పడేసి పోయాడు.

"నడకైతే వచ్చీసినాదమ్మా," అంది. "ఎల్దామంటే ఇల్లే నేదు."