ఐదు నిమిషాలు ముందున్న టైంపీసు

ఊరికే కూర్చోవడానికి కూడా ఒక టైం పెట్టుకునే మనిషిని కట్టుకున్నందుకు ఆమె తన అదృష్టాన్ని తానే మెచ్చుకునేది. పొద్దున ఆరింటికి, ఇంటినిండా పని నోరు తెరుచుకుని ఉండగా, భర్త ఇస్త్రీ బట్టల గదిలోకి వెళ్లి, కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్లు మూసుకుని, ఏమీ చేయడు. ఇరవై నిమిషాల పాటు ఏమీ చేయడు.

"పని చేసి అలిసిపోయేవాళ్లను చూశాను గానీ, కూర్చుని అలిసిపోయి బయటికొచ్చే మనిషిని ఈయన్నే చూస్తున్నానమ్మా," అంది తోటికోడలితో.

తోటికోడలు నవ్వలేదు. ఆమె నవ్వి ఆరు నెలలైంది.

అన్నదమ్ములిద్దరిదీ గడియారాల రిపేరు. ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని ఇరవై ఆరేళ్లు పని చేశారు. తమ్ముడు ఒకరోజు ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. బల్లకు అటువైపు ఖాళీ స్టూలు మిగిలింది. ఇటువైపు అన్నగారి కుడిచేతికి వణుకు పట్టుకుంది. గోడగడియారాలు ఎలాగో నెట్టుకొచ్చేవాడు. చేతిగడియారం తెరిస్తే మాత్రం పట్టకారు చివర టకటకమని కొట్టుకునేది.

నెల తిరక్కుండా తమ్ముడి చేతిగడియారం కూడా ఆగిపోయింది. తోటికోడలు దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది మళ్లీ నడిస్తే చాలు, బావగారూ. ఇంకేం అడగను."

ఆయన మూడుసార్లు ప్రయత్నించాడు. లోపలి స్ప్రింగు వెంట్రుకంత సన్నం. మూడుసార్లూ చెయ్యి మొరాయించింది. విడిభాగాలన్నీ గాజుమూత కింద ఉండిపోయాయి. ఇంకో దుకాణంలో ఇమ్మని భార్య అంటే, "వాడి గడియారం పరాయి బల్ల మీదా?" అని లేచిపోయాడు.

డాక్టరు పరీక్షలన్నీ చేసి, నరాల్లో జబ్బేమీ లేదన్నాడు. "రోజూ ఇరవై నిమిషాలు కూర్చుని మీ ఊపిరిని గమనించండి. మనసు ఎటో పోతుంది, పోనివ్వండి. మళ్లీ తెచ్చుకోండి. వణుకు ఎంత తగ్గిందని రోజూ కొలుచుకోవద్దు. ఇవాళ కూర్చున్నానా లేదా, అదొక్కటే చూసుకోండి," అన్నాడు.

అలా మొదలైంది ఇస్త్రీ గది కాపురం. తన చేతిగడియారం విప్పి బయట పెట్టేవాడు, చేతికుంటే మాటిమాటికీ చూస్తానని. కుర్చీ వెనక అరలో ఉన్న పాత టైంపీసుకు ఆరూ ఇరవైకి అలారం పెట్టేవాడు. రోజూ కేలెండరులో పెన్సిలుతో ఒక గీత గీసేవాడు.

రెండోవారంలో ఒకరోజు ఆమె తలుపు సందులోంచి చూసింది. కళ్లు మూసుకునే ఉన్నాడు. మోకాలి మీద చెయ్యి మాత్రం విడిగా, తన పాటికి తాను వణుకుతోంది. ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది. ఈ తిప్పలు కూడా వృథా అయితే ఈ మనిషి ఏమైపోతాడు? ఆ మధ్యాహ్నం బట్టలు సర్దుతూ, టైంపీసు ముల్లును ఐదు నిమిషాలు ముందుకు జరిపింది. ఆయనకు ఐదు నిమిషాల బాధ తగ్గుతుంది, తనకు ఐదు నిమిషాల ముందు మనిషి దొరుకుతాడు. ఇందులో పాపమేముంది?

మర్నాడు అలారం మోగింది. ఆయన దాని నోరు నొక్కాడు గానీ బయటికి రాలేదు. ఇంకో ఐదు నిమిషాలకు వచ్చాడు. ఆ మర్నాడూ అంతే.

"చూశావా, గంట కొట్టినా లేవట్లేదు. ధ్యానం కాదు పాడూ కాదు, నిద్ర!" అని తోటికోడలికి చెప్పింది. ఆడపడుచుకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

నలభయ్యో గీత దగ్గర, వణుకు తగ్గడం లేదని ఆయన ఆగిపోయాడు. మూడు రోజులు కూర్చోలేదు. గ్లాసు జారవిడిచి, తుడవడానికి వచ్చిన భార్యను కసిరాడు. ఇదివరకు కసిరే మనిషి కాదు. నాలుగోరోజు పొద్దున టైంపీసుకు కీ ఇస్తూ అలాగే నిలబడిపోయాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. కూర్చోకపోయినా దీనికి మాత్రం రోజూ కీ ఇస్తూనే ఉన్నాను. నిన్న ఇచ్చాం కదా అని దీనికి మానేయం. నాకే మానేశాను."

లోపలికి వెళ్లి కూర్చున్నాడు. ఆ తర్వాత గీత తప్పలేదు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె, తోటికోడలు కలిసి దుకాణానికి కేరియరు తీసుకెళ్లారు. గాజుమూత తీసి ఉంది. ఆయన కంటికి అద్దం బిగించుకుని, పట్టకారుతో స్ప్రింగును ఎత్తుతున్నాడు. చెయ్యి వణికింది. ఆయన విసుక్కోలేదు. పట్టకారు కింద పెట్టి, ఖాళీ స్టూలు వైపు చూస్తూ నెమ్మదిగా ఊపిరి తీసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. వణుకు వచ్చి, ఉండి, పోయేదాకా ఆగాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ వణికింది. మళ్లీ ఆగాడు. ఇద్దరాడవాళ్లూ కేరియరు దించడం కూడా మరిచిపోయారు.

చివరికి స్ప్రింగు తన చోట కూర్చుంది. మూత బిగించి, కీ ఇచ్చి, గడియారాన్ని తోటికోడలి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, మొహాన నవ్వు.

"టైమెంత పెట్టుకోమంటారు, బావగారూ?"

"మా ఇంటి టైంపీసు చూసి మాత్రం పెట్టుకోకమ్మా. అది ఐదు నిమిషాలు ముందుంటుంది," అన్నాడు తాపీగా, కేరియరు విప్పుకుంటూ.

భార్య చేతిలోని కేరియరు మూత అక్కడే ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"మొదటిరోజే. ఇరవై ఆరేళ్లు ఇదే పని చేసినవాణ్ణి, ఐదు నిమిషాలు తెలియవా? అందుకే అలారం మోగాక ఇంకో ఐదు నిమిషాలు కూర్చునేవాణ్ణి."

"మరి సరిచేసుకోలేదేం?"

ఆయన కేరియరు గిన్నెలు బల్ల మీద పరిచాడు.

"తప్పు నడిచే గడియారం వెనకే ఉంటే, లేచి సరిచేయకుండా కూర్చోగలనా అని చూసుకున్నాను. మొదట్లో ఒళ్లంతా తేళ్లు పాకినట్టుండేది. అది ఊరుకున్నాకే ఈ చెయ్యి కూడా ఊరుకోవడం మొదలెట్టింది. వాడు పోవడం కూడా అంతే కదా. నేను సరిచేయగలిగేది కాదు."

దుకాణంలో గడియారాలన్నీ నడుస్తున్నాయి. తోటికోడలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. భార్య చేతిలోని మూతను బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది, అక్కర్లేకపోయినా.

"ముల్లు జరిపింది నేనే," అంది. "మీరు నిద్రపోతున్నారని అందరికీ చెప్పిందీ నేనే. తప్పు నాదేనండీ."