పిలుపు పట్టిన చెక్క

ఆదివారం పొద్దున వంటింటి తలుపు మళ్లీ మూసుకోలేదు. ఆవిడ భుజంతో ఒకసారి నెట్టి చూసింది. లాభం లేకపోయేసరికి గరిటె పక్కన పెట్టి, తలుపుకి నోరు దగ్గరగా పెట్టి, "ఆఁ... ఆఁ, వస్తున్నా. ఆఁ, ఉతికే పెట్టా, అరలో ఉంది. ఆఁ, సరే," అంది. తలుపు చిన్నగా మూలిగి చౌకట్టులోకి ఒదిగిపోయింది.

ఇంట్లో వారమంతా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. పలికితే సరే. పలకకపోతే ఆ పిలుపు దగ్గర్లో ఉన్న చెక్కలోకి పోయి కూర్చుంటుంది. వానాకాలం తేమకి ఉబ్బినట్టే పిలుపుకీ చెక్క ఉబ్బుతుంది, బరువెక్కుతుంది. ఆలస్యంగానైనా 'ఆఁ' అంటే దిగిపోతుంది. అందుకే ఆ వీధిలో ఆదివారాలు ఏ కిటికీలోంచి చూసినా ఎవరో ఒకరు సొరుగుతోనో మంచంకోడుతోనో మాట్లాడుతూ కనబడతారు.

ఆవిడ భర్త కళ్లద్దాల షాపులో పనిచేస్తాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్ల ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, బిళ్లలు మార్చి మార్చి, "ఇది బాగుందా, ఇదా? మొదటిదా, రెండోదా?" అని అడగడమే పని. ఇంటికొచ్చినా ఆ ప్రశ్న ఆయన నోరు వదిలేది కాదు. కూరలో ఉప్పు గురించి కూడా అలాగే అడిగేవాడు.

మనిషి మహా భయస్తుడు. గ్యాస్ కట్టేశామా లేదా అని సగం మెట్లు దిగి వెనక్కి వస్తాడు. అయినవాళ్లకి దూరంగా, ఊరు కాని ఊళ్లో పిల్లని పెంచుతున్నాం, ఏదైనా తేడా చేస్తే చెప్పే పెద్దదిక్కు లేదు అన్నది ఆయన రోజూ చేసే జపం. స్కూలు బస్సు డ్రైవర్ని బతిమాలి షాపుకి తీసుకెళ్లి, చూపు సరిగ్గా ఉందో లేదో పరీక్ష చేసి మరీ పిల్లని ఆ బస్సెక్కించాడు.

అలాంటివాడికి ఉన్న ఒక్క సరదా పాటలు వినడం. హెడ్‌ఫోన్లు కొంటానన్నప్పుడు ఆవిడ, "ఇంకేం, మాకు దొరికినట్టే మీరు," అంది.

"ఇవి అలాంటివి కావు. చెక్క కప్పులు. వెనక మూత ఉండదు, ఉత్త జాలీ. లోపలి పాట బయటికొస్తుంది, బయటి మాట లోపలికొస్తుంది. పిల్ల పిలిస్తే పలకనా?" అన్నాడాయన. ఒట్టేసినంత పని చేశాడు.

మొదట ముదురు రంగు చెక్కవి కొన్నాడు. ఒకటే ఉంటే దేంతో పోల్చడం? అందుకని లేత రంగువి కూడా తెచ్చాడు. ముదురువాటిలో పాడే మనిషి పక్కన కూర్చుని పాడినట్టుండేది. లేతవాటిలో తీగలు దేనికది విడిగా వినబడేవి గానీ, గిన్నె అంచు గోరుతో గీకినట్టు కాస్త గరుకు. ఆ గరుకు పోవడానికి జాలీ విప్పి వెనక ఉన్నిగుడ్డ బిళ్ల ఒకటి అమర్చాడు. గరుకు తగ్గింది. రెండో బిళ్ల పెడితే డోలు నిండుగా మోగింది. ఇక ముదురువాటికి మాత్రం అన్యాయం ఎందుకని వాటికీ పెట్టాడు. చెవి మెత్తలు మార్చాడు. ఇంకో పొర వేశాడు. ఆఖరికి వంటింట్లో కుక్కర్ కూసినా ఆయనకి వినబడకుండా పోయింది. అదంతా ఒక్కసారిగా జరగలేదు కాబట్టి ఆయన గమనించలేదు.

పోల్చి చెప్పడానికి ఆయనకి దొరికిన మనిషి కూతురు. నిద్ర లేచింది మొదలు కిచకిచమంటూనే ఉంటుందని దాన్ని అందరూ పిచ్చుక అనేవాళ్లు. ఆయన ఒళ్లో కూర్చుని, కాళ్లూపుకుంటూ, తలకన్నా పెద్ద హెడ్‌ఫోన్లు రెండు చేతులతో పట్టుకుని వినేది.

"మొదటిదా, రెండోదా?"

"రెండోది. కానీ నాన్నా, ఎడం పక్క తక్కువగా ఉంది."

ఆయన పెట్టుకుని చూశాడు. రెండు పక్కలా సమానంగానే ఉంది. కానీ కుర్చీలో కూర్చున్నవాళ్లు మసగ్గా ఉందంటే మసగ్గా ఉన్నట్టే, వాళ్లతో వాదించకూడదు అన్నది షాపులో నేర్చుకున్న మొదటి పాఠం. పైగా పిల్లల చెవులు పాము చెవులు. ఎడం కప్పు విప్పి బిళ్ల పల్చన చేశాడు.

"ఇప్పుడు?"

"ఇంకా తక్కువే."

రెండో జత పెట్టి చూసినా అదే మాట. రెండూ ఒకే కంపెనీవి కదా, రెండింటికీ ఒకటే రోగం అనుకున్నాడు. వైరు మార్చాడు. స్క్రూలు బిగించాడు, వదులు చేశాడు. పిచ్చుకకి విసుగొచ్చి ఆయన ఒళ్లోకి రావడం మానేసింది.

ఆ తర్వాత ఏం పట్టుకుందో, పిలిస్తే పలకడం కూడా మానేసింది. వెనకనుంచి పిలిస్తే అసలే లేదు. క్లాసులో ధ్యాస పెట్టట్లేదని టీచరమ్మ ఫోన్ చేసింది.

"పిలుస్తుంటే ఉలకవు పలకవు, ఏంటే నీకంత పొగరు?" అని ఆయనే కసిరాడు.

పిచ్చుక ఆయన పెదాల వంక చూసింది.

"ఎవరి పోలికో ఆ బుద్ధి!" అంది ఆవిడ, బట్టలు మడత పెడుతూ. "మీరు పలుకుతారా? మిమ్మల్ని చూసే నేర్చుకుంది."

ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది. నిజమే. పిల్ల ఎన్నోసార్లు వచ్చి ఎదురుగా నిలబడటం, తను ఒక కప్పు పైకెత్తి "ఏంటమ్మా?" అనటం, అది "ఏం లేదులే," అని వెళ్లిపోవడం గుర్తొచ్చాయి. తప్పు దిద్దుకోవాలనుకున్నాడు. ఎడం పక్క బాగుచేస్తే మళ్లీ వచ్చి ఒళ్లో కూర్చుంటుందని, ఇంకాస్త పట్టుదలగా ఎడం కప్పు విప్పి కూర్చున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ తమ్ముడు వచ్చాడు. ఆ ఊళ్లో వాళ్లకున్న ఒక్క చుట్టం. బస్సు కండక్టరు. పిచ్చుక కింది వాటాలో పిల్లలతో ఆడుకోవడానికి వెళ్లింది.

"బావా, నీ సంసారం ఎంతవరకొచ్చింది?" అంటూ బల్ల మీదున్న హెడ్‌ఫోన్లు ఒంటి చేత్తో ఎత్తబోయి, రెండో చెయ్యి కూడా వేశాడు. "అబ్బ! ఏంటిది, ఇస్త్రీ పెట్టెలా ఉంది! మెడ ఎలా నిలబడుతోంది నీకు?"

"చెక్క కదరా. కాస్త బరువుంటుంది."

"కాస్తా?" జాలీ వైపు తొంగి చూశాడు. "వెనక తెరిచి ఉండేవే కావాలని ఏరి కోరి కొన్నావు కదా? ఇదేంటి, కంబళి కూరావు? కిటికీ పెట్టించుకుని గోడ కట్టుకున్నట్టుంది." ఒక కప్పు చెవికి ఆనించుకున్నాడు. పాట పెట్టలేదు. అయినా చాలాసేపు అలాగే ఉండి, నవ్వు ఆపేసి, "బావా, దీనికి పిలుపు పట్టింది," అన్నాడు.

తలుపులకి పడుతుంది, బీరువాలకి పడుతుంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ చెవి మీద పెట్టుకునే చెక్కకి పిలుపు పట్టడం ఆ వీధిలో ఎవరి ఇంట్లోనూ జరగలేదు.

"నేనూ రోజంతా పిలుస్తూనే ఉంటాలే," అన్నాడు తమ్ముడు, బిగువు సడలిద్దామని. "టికెట్ టికెట్ అంటే ఎవడు పలుకుతాడు? ఇనప సీట్లు కాబట్టి సరిపోయింది. చెక్కవైతే నా బస్సు డిపో దాటేదా?"

ఆవిడ నవ్వలేదు. "విప్పండి. విప్పి పలకండి," అంది భర్తతో.

ఆయన స్క్రూలు తీశాడు. చిమటాతో ఉన్ని బిళ్లలు ఒక్కొక్కటే లాగాడు. ఒక్కో పొర వచ్చేకొద్దీ లోపలినుంచి పిచ్చుక గొంతు.

"నాన్నా, నా ఎర్ర చెప్పు కనబడట్లేదు."

"ఏంటమ్మా?" అన్నాడాయన, చెక్కలోకి వంగి.

"నాన్నా, వాన చూడు, వాన!"

"ఏంటమ్మా?"

"నాన్నా, నేను దాక్కున్నా, వెతుకు."

"ఏంటమ్మా?"

అలా ఎన్నో. తమ్ముడు లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పొరలు లోతుకి వెళ్లేకొద్దీ గొంతు చిన్నదైంది.

"నాన్నా, ఇటు చెవిలో నీళ్లున్నట్టుంది."

ఆయన చేతిలో చిమటా ఆగింది.

"నాన్నా, పడుకుంటే చెవిలో గుయ్యిమంటోంది."

చిట్టచివరి బిళ్ల అడుగునుంచి, ఎవరికీ వినబడకూడదన్నట్టు, "నాన్నా, నీది బాగానే ఉందేమో. నా చెవే తక్కువేమో."

అద్దం బాగుండి కన్ను బాగుండకపోవడం అన్నది రోజూ చూసే సంగతే. ఆ సంగతి మీదే ఆయన తిండి తింటున్నాడు. "ఏంటి తల్లీ?" అన్నాడు చాలాసేపటికి. అప్పటికి ఆవిడ పరుగున కిందికి వెళ్లి పిల్లని తీసుకొచ్చేసింది.

హెడ్‌ఫోన్లు బిగించి, ఈసారి తిప్పి, కుడి కప్పు ఎడమకి వచ్చేలా పిచ్చుక తలకి పెట్టాడు. పాట పెట్టాడు. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, పెదాలు బాగా కదుపుతూ అడిగాడు.

"ఎటు తక్కువ?"

ఆయన కోపంగా ఉన్నాడేమోనని అది అమ్మ వంక చూసింది. తర్వాత మెల్లిగా ఎడం చెవి మీద వేలు పెట్టింది.

మర్నాడు చెవి డాక్టరమ్మ లైటు వేసి లోపలికి చూసి చాలాసేపు తలెత్తలేదు. "గూబ వెనక చీము పట్టి చాలాకాలమైంది. లోపలి ఎముకలు ఇంకా పాడవలేదు, చిన్న ఆపరేషన్‌తో పోతుంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఈ చెవి మీద ఆశ వదులుకోవాల్సి వచ్చేది," అంది. చేతులు కడుక్కుంటూ అడిగింది. "పిల్ల ఎప్పట్నుంచి చెబుతోంది?"

ఆవిడ భర్త వంక చూసింది. ఆయన పిల్ల చెప్పుల వంక చూశాడు.

"చాలా రోజుల్నుంచి చెబుతోందండి. నేను నిన్న విన్నాను," అన్నాడు.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. ఆయన మాత్రం హెడ్‌ఫోన్లు మళ్లీ ముట్టుకోలేదు. ఇంట్లో ఎవరు గొంతు సవరించుకున్నా "ఆఁ?" అంటూ లేచి నిలబడటం మొదలుపెట్టాడు. "నేను దగ్గానండీ, పిలవలేదు, కూర్చోండి," అనేది ఆవిడ.

ఒకరోజు సాయంత్రం బల్ల తుడుస్తూ ఆవిడ హెడ్‌ఫోన్లు ఎత్తి చూసింది. "ఇంకా బరువుగానే ఉన్నాయే! అన్నిటికీ పలికారా?"

"పలికానే. ఒక్కటీ వదల్లేదు." ఆయన ముఖం పాలిపోయింది. ఏది వినకుండా వదిలేశాడు?

"ఏమని పలికారు?"

"ఏంటమ్మా అని."

ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఆఁ అంటే సరిపోయేది. ఏంటమ్మా అని అడిగితే అదీ పిలుపే కదండీ! పిల్లేమో అప్పుడు కింద ఉంది. ఎవరు పలుకుతారు? ఎక్కడికెళ్లినా ప్రశ్నలే మీకు."

పిచ్చుక అప్పుడే స్కూలునుంచి వచ్చింది. సంచీ పడేసి, వాళ్ల మాటలు విని, హెడ్‌ఫోన్లు అందుకుని ఆయన కుర్చీలో ఎక్కి కూర్చుంది. పాట లేదు. ఎడం కప్పు మీద చెయ్యి వేసి నొక్కుకుంది. ముఖం విప్పారింది.

"నాన్నా, దీన్లో నువ్వున్నావు!"

ఆయన పిల్ల దగ్గరికి వెళ్లలేకపోయాడు. వంటింటి తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. పిచ్చుక కాళ్లూపుకుంటూ, విన్న ప్రతిదానికీ తీరిగ్గా జవాబు చెప్పుకుంటూ పోయింది. ఒక్కో జవాబుకీ కప్పులు కాస్త కాస్త తేలికై, దాని మెడ కాస్త కాస్త నిటారవుతోంది.

"చెప్పు దొరికిందిలే నాన్నా. మంచం కింద ఉంది."

"వాన వెలిసిపోయిందిలే."

"దాక్కుని దాక్కుని నేనే బయటికొచ్చేశాలే."

తర్వాత కాసేపు కాళ్లూపడం ఆపి, శ్రద్ధగా వింది.

"తగ్గిందిలే, నాన్నా," అంది.