గుమ్మం దిగిన ఇల్లు

రోజూ పొద్దున్న ఎనిమిదింపావుకి ఆవిడ అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, తలుపు గొళ్ళెం తీసి, నడుం వంచి వీధిలోకి వచ్చేది. స్కూలు ఆఫీసులో గుమాస్తా. పిల్లల సెలవు చీటీలు చదివి రిజిస్టరులో ఎక్కించడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని కావడంతో ఏ సాకు ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆవిడకి కొట్టిన పిండి. కడుపునొప్పి ఒక్కరోజుకి మించి ఆగదు. జ్వరమైతే మూడు రోజులు. తాతయ్య పోతే వారం, కాకపోతే ఒకే తాతయ్యని మూడుసార్లు చంపకూడదు. పచ్చకామెర్లంత గట్టి సాకు ఇంకోటి లేదు, మూడు వారాలు ఢోకా ఉండదు.

నడుం వంచడం ఎందుకంటే, ఆ ఇంటి గుమ్మం ఏడాదిగా దిగుతోంది. లోపల ఎవరైనా అబద్ధమాడితే ద్వారబంధం పైచెక్క కిందికి జరుగుతుంది. చిన్నదైతే నూలుపోగంత, పెద్దదైతే వేలెడు. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. పోస్టుమాన్ వంగి ఉత్తరం ఇచ్చి వెళ్ళేవాడు. పొడుగాటి మనిషి కాబట్టి ఆవిడ అన్నయ్య వచ్చినప్పుడల్లా నెత్తి తడుముకుంటూ కూర్చునేవాడు. వడ్రంగి మాత్రం నెలనెలా వచ్చి, తలుపు దించి, పైన కోసి బిగించేవాడు.

"ఇంక కోయడానికేముందక్కా? ఇంకో రెండుసార్లయితే దీన్ని కిటికీకి పెట్టుకోవచ్చు," అన్నాడు మొన్న.

"నీ నోటికేం గానీ, కానియ్ తమ్ముడూ," అందావిడ.

గుమ్మం దిగుతున్నది కొడుకు వల్లేనని ఆవిడ నమ్మకం. ఇరవై మూడేళ్ళవాడు, ప్రింటింగ్ ప్రెస్సులో పని. మొదట మాత్రలు, తర్వాత సూది. ఒక్కగానొక్క కొడుకు మత్తుకి దాసుడయ్యాడని ఏ నోటితో చెప్పుకుంటుంది? మొదట్లో వాడు "మానేశానమ్మా" అన్నప్పుడల్లా ఆవిడ గుమ్మం వైపు చూసేది. చెక్క కిర్రుమనేది.

ఆ గురువారం ఆవిడ బయల్దేరబోతుంటే వాడు వంటింటి గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి ఉంది.

"పనికెళ్ళవురా?"

"మళ్ళీ వేసుకున్నానమ్మా. ఇప్పుడే. మానలేకపోతున్నాను."

ఆవిడ అలవాటుగా గుమ్మం వైపు చూసింది. చెక్క నూలుపోగంతైనా కదల్లేదు.

అంతలో ఫోను మోగింది. ప్రెస్సు యజమాని.

"మీవాడు ఇవాళా రాలేదేమిటమ్మా?"

"పచ్చకామెర్లండీ. డాక్టరు మంచం దిగొద్దన్నాడు," అందావిడ, తడుముకోకుండా.

ఫళ్ళున చప్పుడైంది. సున్నం పెళ్ళ రాలింది. చెక్క ఆవిడ కళ్ళముందే వేలెడు దిగింది.

ఆవిడ ఫోను పెట్టేసింది. వాడు మాట్లాడినప్పుడల్లా గుమ్మాన్ని చూసింది గానీ, తను మాట్లాడినప్పుడు ఏనాడైనా చూసిందా? అన్నయ్యతో, వాడు ప్రైవేటుగా పరీక్షలకి చదువుతున్నాడనీ అందుకే చిక్కిపోయాడనీ చెప్పింది. పక్కింటావిడతో, వాడి చేతి మీద మచ్చలు రక్తపరీక్షవని చెప్పింది.

"నేనేనా... ఇదంతా దించింది నేనేనా?" అంది.

"నేను అబద్ధమాడి చాన్నాళ్ళయిందమ్మా. నువ్వు అడగడం మానేశావుగా," అన్నాడు వాడు, నాలుక మడతపడుతుండగా.

చెంప చెళ్ళుమన్నట్టయింది ఆవిడకి. మంచినీళ్ళకని బిందె దగ్గరికి వెళ్ళింది. గ్లాసుతో తిరిగొచ్చేసరికి వాడు పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. పెదాలు నీలం. గొంతులో గురక.

ఆవిడ కేకలకి వీధి వీధంతా పోగైంది. పక్కింటావిడ ఫోను చేస్తే అంబులెన్సు వచ్చింది. నర్సూ డ్రైవరూ స్ట్రెచరు పట్టుకుని, వంగి లోపలికి దూరారు.

"ఏం తీసుకున్నాడమ్మా?" అంది నర్సు, నాడి చూస్తూ.

గుమ్మం బయట పదిహేను మొహాలు వంగి లోపలికి చూస్తున్నాయి. ఆవిడ నోరు ఆవిడ మాట వినలేదు.

"ఏమీ లేదమ్మా. జ్వరం మాత్ర వేసుకున్నాడంతే."

చెక్క ఒక్కసారిగా మూరెడు దిగింది. మొహాలన్నీ మాయమై కాళ్ళు మాత్రమే మిగిలాయి.

"ఇలాగైతే పేషెంటుతో స్ట్రెచరు పట్టదు," అన్నాడు డ్రైవరు.

"అమ్మా, అబ్బాయి ఊపిరి ఆగిపోతోంది. ఏం తీసుకున్నాడో తెలీకుండా నేను ఏ మందని ఇవ్వను?" నర్సు గొంతు పెంచింది.

ఆవిడ కొడుకు పెదాల వంక చూసింది. పరువు, ప్రతిష్ఠ, ఇరుగూ పొరుగూ, అన్నీ ఆ నీలం ముందు గడ్డిపోచలయ్యాయి.

"మత్తు సూది! ఇందాకే వేసుకున్నాడు. ఏడాదైంది. పచ్చకామెర్లు లేవు, పరీక్షలు లేవు, రక్తపరీక్షా లేదు. అన్నీ నేనే చెప్పాను!" వీధి చివరిదాకా వినబడేలా అరిచింది.

నర్సు అప్పటికే సంచిలోంచి విరుగుడు మందు తీసి వాడి తొడకి గుచ్చింది. చెక్క కిర్రుకిర్రుమంటూ లేవసాగింది. మోకాళ్ళు కనబడ్డాయి, నడుములు కనబడ్డాయి, మొహాలు కనబడ్డాయి. డ్రైవరు స్ట్రెచరు ఎత్తాడు.

గుమ్మం దాటుతుండగా వాడు దగ్గి, కళ్ళు తెరిచాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. తల్లిని చూశాడు.

"చెప్పేశావా అమ్మా?"

"చెప్పేశాన్రా."

"అందరికీనా?"

"అందరికీ."

వాడు కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.