తలుపు కొట్టే పని

మా లాడ్జిలో దిగినవాళ్లకు బస్సు తప్పిపోవడమనేది ఏనాడూ జరగలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, బస్టాండులో ఎవరినైనా అడగండి. నగరంలోని పెద్ద ఎయిర్‌పోర్టుకు వెళ్లే బస్సు మా ఊళ్లో తెల్లారకముందే బయల్దేరేది. చుట్టుపక్కల ఎవరు విమానమెక్కాలన్నా ముందురోజు సాయంత్రానికి మా ఊరు చేరి, బస్టాండుకు ఎదురుగా ఉన్న మా లాడ్జిలో పడుకుని, పొద్దున్నే ఆ బస్సు పట్టుకోవాల్సిందే. వాళ్లను లేపే పని నాది.

తలుపు కొడతాను. లోపలి నుంచి "లేచాం, లేచాం" అంటారు. ఆ మాట నేను నమ్మను. నిద్రలో మనిషి ఏమైనా అంటాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించే దాకా ఆ గుమ్మం ముందు నుంచి కదలను. ఒకసారి ఒక పెద్దమనిషి కుళాయి తిప్పి మళ్లీ వెళ్లి పడుకున్నాడు. బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్నాయని చప్పుడును బట్టి తెలిసి, వెనక్కి వెళ్లి తలుపు విరగ్గొట్టినంత పని చేశాను. తిట్టుకుంటూ లేచినవాడు బస్సెక్కేటప్పుడు దండం పెట్టాడు. అందుకే బస్టాండంతా నన్ను అలారం అక్క అంటుంది. అననీ. అలారానికి కోపం రాదు, నాకు వస్తుంది. తేడా అంతే.

లాడ్జి మా నాన్న కట్టాడు. ఆయన పోయాక పేరుకు తమ్ముడిది, చాకిరీ నాది. పెళ్లయిన కొత్తలోనే నేను పుట్టింటికి తిరిగొచ్చేశాను. ఎందుకొచ్చావని అడిగినవాళ్లకు అప్పుడే చెప్పలేదు, ఇప్పుడేం చెప్తాను. తమ్ముడు, మరదలు, నేను, లాడ్జి వెనక రెండు గదుల్లో మా సంసారం.

మా ఊరికే ఎయిర్‌పోర్టు వస్తోందని ఖాయమైన రోజున తమ్ముడి కాళ్లు నేలమీద నిలవలేదు.

"మన పంట పండిందక్కా! విమానం దిగినవాడు ఎక్కడ పడుకుంటాడు? మన దగ్గరే!"

"దిగినవాడు ఇంటికి పోతాడ్రా," అన్నాను.

"నీ నోట్లోంచి ఒక్క మంచిమాట ఊడిపడదు కదా!"

నిజం చెప్పాలంటే నేనేదో ఆలోచించి అన్న మాట కాదది. వాడేమన్నా కాదనడం నాకు అలవాటు. లోపల నాకూ ఆశే. ఊరంతటికీ ఆశే. టీ కొట్టాయన కొట్టుకు విమానం పేరు పెట్టాడు. సెలూన్ ఆయన తిరిగే కుర్చీలు తెప్పించాడు. నిన్నటిదాకా ముళ్లపొదలు తప్ప ఏమీ మొలవని చోట ఇప్పుడు రంగు జెండాలు, ప్లాట్ల బోర్డులు మొలిచాయి.

తమ్ముడు ఊరుకుంటాడా? కింద పొడుగ్గా ఒక హాలుండేది. బస్సు డ్రైవర్లు, కండక్టర్లు పడుకునే మంచాలు అందులో వరసగా వేసేవాళ్లం. గోడవార కుళాయిలు. వాళ్ల దగ్గర పెద్దగా తీసుకునేవాళ్లం కాదు గానీ, హాలు ఏ రోజూ ఖాళీగా లేదు. తమ్ముడు ఆ మంచాలన్నీ విప్పించి మేడమీద రేకుల షెడ్డులో పడేయించాడు. హాలుకు అద్దాల తలుపు పెట్టించాడు. మెత్తటి సోఫాలు, గాజు బల్ల, మూలన ప్లాస్టిక్ చెట్టు. పై గదులన్నిటికీ అప్పుచేసి ఏసీలు. బయట బోర్డు మీద లాడ్జి పేరు కంటే పెద్దదిగా విమానం బొమ్మ.

"డ్రైవర్లు ఎక్కడికి పోతార్రా?" అని చెవినిల్లు కట్టుకుని పోరాను.

"ఎయిర్‌పోర్టు నుంచొచ్చినవాళ్లు లోపల అడుగుపెట్టగానే బనీన్లతో పళ్లు తోముకునేవాళ్లు కనపడాలా? నీకు తెలీదక్కా, ఊరుకో."

ఊరుకున్నాను. ఊరుకోవడం నా వల్ల అయిన సందర్భాలు తక్కువ, అది అందులో ఒకటి కావడం నా ఖర్మ.

ఎయిర్‌పోర్టు తెరిచారు. మొదటి విమానం మా మేడ మీదుగా పోతుంటే కిటికీ అద్దాలు గలగలలాడాయి. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని అద్దాల తలుపు దగ్గర నిలబడ్డాడు. మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. సాయంత్రం కూర్చున్నాడు.

ఎవరొస్తారు? మా వ్యాపారమంతా ఆ పెద్ద ఎయిర్‌పోర్టు దూరంగా ఉండటం మీద నడిచింది. ఆ దూరం కాస్తా పోయింది. చుట్టుపక్కల వాళ్లు ఇంట్లో తిని, ఇంట్లోనే పడుకుని, పొద్దున్నే కారెక్కి నేరుగా ఎయిర్‌పోర్టుకు పోతున్నారు. దిగినవాళ్లు అలాగే ఇంటికి పోతున్నారు. అంతవరకూ ఆ ముక్క మాకెవరికీ తట్టలేదు. కొన్నాళ్లకు నగరం బస్సును కూడా ఆపేశారు.

నాకు మాత్రం ఆ వేళకే మెలకువ వచ్చేస్తుంది. లేచి ఏం చేయను? కాలుగాలిన పిల్లిలా వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేదాన్ని. ఎవరూ పడుకోని దుప్పట్లు తీసి ఉతికేదాన్ని. ఆరాక మళ్లీ పరిచేదాన్ని. "మాసిపోనివాటిని ఎందుకు వదినా ఉతకడం?" అని మరదలు అడిగితే, "మాసేదాకా ఆగమంటావా, ఎవడొచ్చి మాపుతాడు?" అని కసిరాను. దాని మీద కసిరినందుకు నా మీద నాకే ఒళ్లు మండి, ఇంకో గది దుప్పట్లు లాగాను.

తమ్ముడు కూడా ఇంట్లో నిలవడం మానేశాడు. చీకటి పడగానే పోయేవాడు, ఎండెక్కాక వచ్చేవాడు. ఎక్కడికిరా అంటే, "ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూస్తున్నా" అనేవాడు. మొహంలో మొహం పెట్టి చెప్పేవాడు కాదు. పేకాట మరిగాడేమోనని నాకు లోపల గుబులు.

అంతలో పార్సిల్ కంపెనీ మనిషొచ్చాడు. విమానాల్లో వచ్చే పార్సిళ్లు దింపుకోవడానికి వాళ్లకు బిల్డింగ్ కావాలట. మంచి మనిషే, మర్యాదగానే మాట్లాడాడు. కానీ టేపు పట్టుకుని గదులు కొలుస్తూ, "ఈ తలుపులన్నీ తీసేయించాలండీ, ట్రాలీలు తిరగవు. ఈ గోడలు కూడా," అన్నాడు. ఏ తలుపులు? నేను రోజూ కొట్టిన తలుపులు. వాటి మీద నా వేళ్ల కణుపులు తగిలిన చోట రంగు పోయి నున్నగా తయారైంది.

"సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్తాం," అన్నాడు తమ్ముడు. ఆయన వెళ్లాక నా వైపు తిరిగాడు. "మొత్తం ఇచ్చేద్దామక్కా. వెనక గదులు మనకే ఉంటాయి. నువ్వు కూడా కాస్త రెస్టు తీసుకోవచ్చు."

"రెస్టు తీసుకుని ఏం చేయాల్రా? గోడకు కొట్టుకోనా తల?"

విసురుగా లేచి దుప్పట్లు ఉతకడానికి పోయాను.

ఆదివారం మధ్యాహ్నం నుంచీ కుండపోత. సాయంత్రానికి మా అద్దాల తలుపు ముందు ఎయిర్‌లైన్స్ వాళ్ల బస్సు ఆగింది. దాని వెనకే ఇంకోటి. తడిసి ముద్దయిన మనుషులు బిలబిలమంటూ దిగారు. వానకు విమానం రద్దయిందట. ఎయిర్‌పోర్టు పక్కన కడతామన్న పెద్ద హోటల్ ఇంకా స్తంభాల దగ్గరే ఉంది. వాళ్ల వెంట యూనిఫారం వేసుకున్న ఎయిర్‌పోర్టు కౌంటర్ అమ్మాయి వచ్చింది, మొహం పీక్కుపోయి ఉంది.

"అమ్మా, గదులున్నాయా?"

ఉన్నాయా అని అడుగుతోంది! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఎన్ని కావాలంటే అన్ని! రండి, రండి!"

మరదలు తువ్వాళ్లు మోసింది. నేను మెట్లు ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ, మోకాళ్ల నొప్పి మరిచిపోయాను. ఏసీ చల్లగా లేదని ఒకాయన, మరీ చల్లగా ఉందని వాళ్లావిడ. తిట్టుకోండి నాయనా, హాయిగా తిట్టుకోండి అనిపించింది. ప్రతి కిటికీలో లైటు. తమ్ముడు ఉంటే బాగుండుననుకున్నాను. చూసి సిగ్గుపడేవాడు, ఆ పార్సిల్ ఆయన టేపు ఆయన మొహానే కొట్టేవాడు అనుకున్నాను. వాడేమో అప్పటికే ఎటో పోయాడు.

"వీళ్ల విమానం రేపు మధ్యాహ్నమమ్మా," అని కౌంటర్ అమ్మాయి చెప్పింది. నేను తలూపాను కూడా. తను మాత్రం గది వద్దని, హాల్లో సోఫా మీదే ముడుచుకు పడుకుంది.

విన్నదాన్ని విన్నట్టు గుర్తుంచుకుంటే ఈ కథే లేదు. అలవాటైన వేళకు మెలకువ వచ్చింది. పైన గదుల నిండా మనుషులు. ఇంకేముంది, నా కాళ్లు వాటంతట అవే మెట్లెక్కేశాయి. మొదటి తలుపు కొట్టాను. రెండోది. మూడోది. ఇన్నాళ్ల కసంతా చేతుల్లోకి వచ్చిందేమో, "లేవండి, లేవండి, టైమైంది!" అని వరండా మారుమోగిపోయేలా అరిచాను. కుళాయి చప్పుడు వినపడకపోతే మళ్లీ వెనక్కి వెళ్లి కొట్టాను.

తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. "నిప్పంటుకుందా?" అని ఒకావిడ బిడ్డనెత్తుకుని పరిగెత్తింది. లుంగీ సర్దుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, బుద్ధుందా? మా విమానం మధ్యాహ్నం! లేపమని ఎవరడిగారు నిన్ను? టైము మారితే ఫోనుకే చెప్తారు, నువ్వెందుకు మధ్యలో?"

నేనెందుకు మధ్యలో. తలొంచుకుని మెట్లు దిగాను.

కింద కౌంటర్ అమ్మాయి ఆ గోలకు ఉలిక్కిపడి లేచి కూర్చుంది. "అయ్యో, టైమెంత?" అని ఫోను చూసుకుంది. ఫోను ఛార్జింగ్ అయిపోయి చచ్చి ఉంది. గోడ గడియారం చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"దేవుడా, ఇంకా టైముంది! అమ్మా, మీరు అరవకపోతే నా పని అయిపోయేది. పొద్దుటి డ్యూటీకి ఇప్పటికే ఓసారి ఆలస్యమయ్యా. ఇంకోసారైతే ఇంటికి పొమ్మన్నారు."

"రోజూ ఇంత పొద్దున్నేనా?"

"మొదటి విమానం పొద్దున్నే కదమ్మా. ఊళ్లనుంచి ఆ వేళకు బస్సులేవి? నాలాంటి ఆడపిల్లలు ముందురోజే వచ్చి లోపల బెంచీల మీద పడుకుంటాం. ఊడ్చేవాళ్లు, లగేజీ మోసేవాళ్లు టాయిలెట్ల వెనక నేలమీద పడుకుంటారు. సెక్యూరిటీ వాళ్లు చూస్తే తరిమేస్తారు."

అంతలో బయట వ్యాను హారన్ మోగింది. స్టాఫ్ వ్యాను, ఆ అమ్మాయి కోసం వచ్చింది. ఊరు దాటదట గానీ, ఊళ్లో రాత్రి డ్యూటీ వాళ్లను దింపుతూ, పొద్దుటివాళ్లను ఎక్కించుకుంటూ పోతుందట. అద్దాల తలుపు తీసి నిలబడ్డాను. వ్యాను లోంచి ముందు దిగినవాడు నీలం కోటులో ఉన్నాడు. వీపు మీద ట్రాలీ బొమ్మ. తడిసి ఉన్నాడు, కళ్లు ఎర్రబడి, చేతులు పొక్కి ఉన్నాయి. మా తమ్ముడు.

నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు. కోటు విప్పబోయాడు, బొత్తాలు రాలేదు.

ఇన్నాళ్లూ చూసిన లెక్కలు ఇవా! సొంత లాడ్జి పెట్టుకుని, ఊరివాళ్ల సామాన్లు ట్రాలీల మీద తోస్తూ, ఆ వేళకు నేను మేలుకుని ఉంటానని ఎండెక్కేదాకా టాయిలెట్ల వెనక పడుకుంటున్నాడు. ఇవాళ వానకు వ్యానెక్కినట్టున్నాడు. నా వెనకే నిలబడ్డ మరదలి మొహం చూశాను. దానికి తెలుసు. ఆ కోటు ఉతికిందే అది.

"తల తుడుచుకోరా, జలుబు చేస్తుంది," అన్నాను. వాడు పసిపిల్లాడిలా భోరుమన్నాడు.

విమానం వాళ్లు వెళ్లాక, అదే సోమవారం సాయంత్రం పార్సిల్ కంపెనీ మనిషి వచ్చేసరికి అద్దాల తలుపు ఊడదీసి గోడకు ఆనించి ఉంది. సోఫాలు వీధిలో ఉన్నాయి. నేనూ మరదలూ షెడ్డులోంచి మంచాలు దింపుతున్నాం.

"పైన మొత్తం మీరు తీసుకోండి," అన్నాను. "హాలు మాత్రం ఇవ్వం."

"హాలు లేకపోతే మాకు కష్టమండీ."

"మీకు కష్టమైతే వేరే బిల్డింగ్ చూసుకోండి."

తమ్ముడు నా చెయ్యి గిల్లాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆయన బయటికెళ్లి ఎవరికో ఫోను చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. ఆ కాసేపూ నా ప్రాణం నా దగ్గర లేదు. తిరిగొచ్చి, "సరే, పై అంతస్తులే. సామాను లిఫ్టు బయట నుంచి పెట్టుకుంటాం," అన్నాడు.

ఇప్పుడు హాలు నిండింది. సగానికి పరదా కట్టి ఒక పక్క ఆడవాళ్లకు, ఒక పక్క మగవాళ్లకు. ఊడ్చేవాళ్లు, లోడింగ్ వాళ్లు, కౌంటర్ అమ్మాయిలు. హాలు మీద వచ్చేదీ పార్సిల్ వాళ్లిచ్చేదీ ఏసీల బాకీకే చాలడం లేదు. అందుకే తమ్ముడు ఆ నీలం కోటు ఇంకా వదల్లేదు. వాణ్ని పొద్దుటి డ్యూటీకి మార్చారు.

పైన తలుపులన్నీ పీకేశారు. హాల్లోవాళ్లను మంచం తట్టి లేపాలి. ఇంత ఇంట్లో కొట్టి లేపడానికి నాకు మిగిలింది తమ్ముడి గది తలుపొక్కటే.

పొద్దున వెళ్లి దాని ముందు నిలబడ్డాను. చెయ్యెత్తాను. లోపల వాడి గురక వినిపిస్తోంది. నాన్న లాడ్జికి వారసుడు, ఎవరివో పెట్టెలు తోయడానికి వాణ్ని నేనే లేపాలి. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్క రోజు, వాడికి వ్యాను తప్పిపోతే బాగుండుననిపించింది. ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని తలుపు కొట్టాను.

"లేచానక్కా," అన్నాడు నిద్రలో.

కుళాయి చప్పుడు వినిపించే దాకా అక్కడే నిలబడ్డాను.