అదీబ్ ముఖం

బేరూత్‌లో అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో సాయుధులు రోడ్డుకు అడ్డంగా నిలబడి కారు ఆపి, నజీహా వాళ్ల అన్నయ్య అదీబ్‌ను దింపుకుపోయారు. పక్క సీట్లో ఉన్న నజీహాకు అప్పుడు పదహారేళ్లు. "రెండు మాటలడిగి పంపించేస్తాం" అన్నారు. అదీబ్ మళ్లీ రాలేదు. ఆ ఏడాదే ఫిరంగి గుండు పడి ఇల్లు కాలిపోయింది. వాడి ఫోటో ఒక్కటీ మిగల్లేదు.

ఆమెకు అరవై దగ్గరపడ్డాక హైసమ్ అనే కుర్రాడు వచ్చాడు. యుద్ధంలో మాయమైనవాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తున్నాడు. ఆనాడు ఎవరూ కెమెరా పట్టలేదు కనుక, జరిగింది ఆమె చెబితే బొమ్మలు గీసి కదిలిస్తానన్నాడు. ఆమె వంటింట్లోనే కూర్చుని గీసేవాడు.

"ఈ ముక్కేంట్రా నాయనా! మా మేనమామది తెచ్చి వాడికి తగిలించావు."

"మరెలా ఉండేది పిన్నీ?"

"అంత బడాయి ముక్కు కాదు. చెరిపెయ్."

చెరిపాడు. కనుబొమలు మాత్రం ఆమెకు సరిగా గుర్తు రాలేదు. హైసమ్ ఊహించి వేశాడు. ఆమె చాలాసేపు చూసి, "ఇవే అనుకుంటా" అంది.

సీను తయారయ్యాక చూపించాడు. అదీబ్ కారు దిగాడు, వెనక్కి తిరిగి చెల్లెలిని చూసి నవ్వాడు.

"వాడు నవ్వలేదురా. నేనలా చెప్పలేదే."

"మీవైపు చూశాడన్నారు కదా అని... తీసేయనా?"

"వద్దులే, ఉండనీ" అంది, కళ్లు తుడుచుకుంటూ. మళ్లీ మళ్లీ వేయించుకుని చూసింది.

కొన్నాళ్లకు ఫోన్ చేసింది. "అన్నయ్యను తలచుకుంటే నీ బొమ్మే వస్తోంది. గీతలతో సహా, నవ్వుకుంటూ వస్తోంది. అసలువాడు రావడం లేదు."

హైసమ్ భయపడిపోయాడు. ఆ సీనులోంచి అదీబ్ బొమ్మను మొత్తం తీసేశాడు. సినిమాలో ఇక కారు తలుపు తెరుచుకుంటుంది, దిగేవాళ్లుండరు. చూసినవాళ్లు ఆ ఖాళీయే గొప్పగా ఉందని మెచ్చుకున్నారు. నజీహా చూడటానికి రాలేదు.

అతనే ఆమె ఇంటికి వెళ్లాడు.

"తీసేశాను పిన్నీ. ఎక్కడా లేదు. ఒక్కసారి ప్రయత్నించండి."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. పెదవులు అన్న పేరు పలికాయి. హైసమ్ ముందుకు వంగి అడిగాడు.

"ఎవరొచ్చారు?"

"నువ్వు గీసినవాడే" అంది కళ్లు తెరవకుండానే. "అసలువాణ్ణి రెండోసారి పట్టుకుపోయారురా."

పొయ్యి మీద కాఫీ పొంగి మంట ఆరిపోయింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.