పాలు తాగే మిషన్

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఒక కాగితం నింపాలంటే నాకు రెండు పూటలు పడుతుంది. చదివేవాళ్లు తప్పులుంటే దిద్దుకోండి. కథను మాత్రం దిద్దకండి.

ముత్యం దుబాయ్ కొలువు వదిలేసి, ఇక పోనని ఇల్లు చేరిన రోజు వాడంతా వచ్చి వాకిట్లో కూర్చుంది. కోరుట్ల పక్క పల్లెల్లో అదొక ఆనవాయితీ. దుబాయ్ నుంచి మనిషి దిగితే పెట్టె పదిమంది ముందు విప్పాలి. సెంటు సీసా ఒకరికి, సబ్బులు ఒకరికి, ముసలివాళ్లకు నొప్పుల మందు. ముత్యం అన్నీ పంచాడు. ఆఖరున మిగిలిన పెద్ద అట్టపెట్టెను మాత్రం పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తి అరుగు మీద పెట్టాడు.

అతని భార్య భూమవ్వ గడపలో నిలబడి చూస్తోంది. టీవీయా, టేప్‌రికార్డరా అని ఆమె మనసులో లెక్కలు వేసుకుంటుండగానే అట్ట విడిపోయింది. లోపల తళతళలాడే ఇనుప డబ్బా. ముందర ఒక పిడి, పక్కన సన్నటి గొట్టం.

"గిదేందిరా, బాయి మోటరా?" అన్నాడు అంతయ్య. ఆయన ముత్యానికి చిన్నాయన వరస, కాకా అని పిలుస్తాడు; వాడకు పెద్దమనిషి.

"మోటరు గాదు కాకా. కాఫీ మిషన్."

"కాఫీకి మిషనేందిరా? మరి పొయ్యి ఎందుకున్నట్టు?"

వాడంతా పడి పడి నవ్వింది. భూమవ్వకు నవ్వు రాలేదు. ఆఖరి యేడు జీతంలో చాలా మట్టుకు దానికే పోయిందని ముత్యం ఆ సాయంత్రం చెప్పాడు.

"గా పైసలకు పాడి బర్రె వచ్చు గదయ్యా," అన్నది ఆమె.

"వచ్చు," అన్నాడు ముత్యం. దుబాయ్‌లో అతను ఒక షావుకారి ఇంట్లో వంట చేశాడు. ఆ ఇంట్లో అచ్చం ఇలాంటి మిషనే ఉండేది. "చేసి చేసి చెయ్యి దానికే అలవాటైంది భూమీ. ఇంకే పని జేసినా చెయ్యి నాది గాదనిపిస్తది."

"మంచిగున్నది. బర్రె పాలిస్తది, నీ మిషన్ పాలు తాగుతది."

ఈ మాట గోడ దూకి వాడలో పడింది. తెల్లారేసరికి దానికి పాలు తాగే మిషన్ అని పేరు స్థిరపడిపోయింది. చుట్టాలొస్తే, "ముత్యం బర్రెను చూసినవా?" అని పిలుచుకొచ్చి మరీ చూపించేవాళ్లు. ముత్యం వాళ్లకు కాఫీ చేసి ఇచ్చేవాడు. పుట్టి బుద్ధెరిగి చాయ్ తప్ప ఇంకోటి తాగని మనుషులు. ఒక్క గుక్క తాగి, మొహం ముడుచుకుని, "మంచిగనే ఉన్నది గని, జర కాలిన వాసనొస్తున్నది" అని గ్లాసు కింద పెట్టేవాళ్లు.

భూమవ్వ బాధ మిషన్ ఒక్కటే కాదు. ఆరేళ్లు పరాయి ఇంట్లో నిలబడి పని చేసిన మనిషి సొంత ఇంట్లో కూడా నిలబడే ఉంటున్నాడు. ఎవరైనా లోపలికి వస్తే గోడకు జరుగుతాడు. అన్నం పెడితే, "నేను ఇప్పుడు తినాల్నా?" అని అడుగుతాడు. పొలానికి పోదామా అంటే నీ ఇష్టం. అక్కను చూసి వద్దామా అంటే నీ ఇష్టం. ఆమెకు అప్పుడప్పుడు, మొగుడు రాలేదేమో, ఆయన సామాను మాత్రమే దిగిందేమో అనిపించేది. మిషన్ పిడి పట్టుకున్నప్పుడు మాత్రమే అతని నడుము నిటారుగా అయ్యేది. అది భూమవ్వ చూడకపోలేదు. చూసినా బర్రె మీది ఆశ బర్రె మీదే ఉండేది.

కోరుట్ల బస్టాండు దగ్గర హోటల్ నడిపే కైలాసం సేటు చెవిన ఈ సంగతి పడింది. ఒకరోజు వచ్చి మిషన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "నా గల్లా పక్కన పెడితే జనం చూసుటానికన్న వస్తరు అక్కా. మంచి పాడి బర్రె ధర కట్టిస్త," అన్నాడు.

ఆమె ముత్యం వైపు తిరిగింది. "అమ్ముదామా?"

"నీ ఇష్టం."

కొట్లాడితే బాగుండుననిపించింది ఆమెకు. ఒక్క మాట గట్టిగా అంటే ఏం పోయింది? ఆ కోపంలోనే, "ఆయితారం రా సేటూ," అనేసింది.

ఆదివారం ఇంకా రాలేదు. అంతలో ఒక తెల్లవారుజామున ఎదురింటి పోశవ్వ పోయింది. తొంభైకి దగ్గరి మనిషి. మునిమనవల పెళ్లిళ్లు చూసి, నిద్రలోనే దాటిపోయింది. గుండెలు బాదుకునే చావు కాదు. కాని బిడ్డ రామవ్వ నిర్మల్‌లో ఉంటుంది. ఆమె వచ్చి తల్లి మొహం చూడనిదే పీనుగను లేపడానికి వీల్లేదు. తొలి బస్సుకు మనిషిని పంపారు. ఎంత తొందరగా వచ్చినా పొద్దు వాలాల్సిందే.

పీనుగ లేచేదాకా వాడలో ఎవ్వరూ పొయ్యి ముట్టించరు. అది ఆ వాడ కట్టుబాటు. అన్నం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఒక పూట పస్తు ఎవరికి కొత్త? చాయ్ లేకపోవడమే వాళ్లను చంపింది. అసలే పుష్యమాసం చలి. వేపపుల్ల పారేసి చాయ్ గ్లాసు పట్టుకునే మనుషులు గొంగళ్లు కప్పుకుని అరుగుల మీద వరసగా కూర్చున్నారు. ఒకరికి తల పగులుతోంది, ఒకరికి చేతులు వణుకుతున్నాయి.

"పోశవ్వ చిన్నమ్మ ఉంటే ఇప్పటికి రెండు చాయ్‌లు పోస్తుండె," అన్నాడు అంతయ్య కణతలు నొక్కుకుంటూ. "ఆమె పోయిన్నాడే మనకు చాయ్ లేకపాయె."

పెద్దవాళ్ల వెనక గోడకు నిలబడిన ముత్యం గొంతు సవరించుకున్నాడు. "కాకా... నా మిషన్‌కు పొయ్యి ఉండదు."

అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"పొయ్యి లేనిది నీళ్లెట్ల కాగుతయిరా?"

"లోపల తీగ కాలుతది."

"నిప్పు కనవడ్తదా?"

"కనవడది."

"పొగ?"

"రాదు. ఆవిరి వస్తది."

అంతయ్య వేళ్లు మడిచి లెక్క చూశాడు. చావు ఇంట్లో తలాపున దీపం పెడుతున్నాం. లోపల కరెంటు బుగ్గ వెలుగుతోంది. బుగ్గకు లేని తప్పు మిషన్‌కు ఎక్కడిది? మూలనున్న ఒక ముసలామె మాత్రం ఒప్పుకోలేదు. "ఏదైతేంది, కాగినయి కాగినయే గద?"

"నువ్వు తాగకు మరి," అన్నాడు అంతయ్య.

"తాగనని నేనన్నన్నా?"

అలా తీర్పు అయిపోయింది. మిషన్‌ను భూమవ్వ ఇంటి అరుగు మీదికి తెచ్చారు. పాలు తలా ఇంత పోశారు. ముత్యం మీట నొక్కాడు. మిషన్ గొణిగింది, మూలిగింది, ఊరుకుంది. పచ్చ దీపం మిణుకుమిణుకుమంటోంది.

"ఏమాయెరా?"

"వోల్టేజీ లేదు కాకా. నాట్ల కాలం గదా, బాయిల కాడ మోటర్లన్నీ గుంజుతున్నయి."

వేరే రోజైతే అంతా నవ్వి లేచిపోయేవాళ్లు. ఆ రోజు అంతయ్య గొంగడి తీసి నిలబడ్డాడు. "ఎవలెవల మోటర్లు నడుస్తున్నయో పోయి బంద్ చెయ్యుండ్రి. నారు ఒక గంటల ఏం ఎండిపోదు." సైకిళ్లు నాలుగు దిక్కులా పోయాయి. కాసేపటికి ఇళ్లలోని బుగ్గలు ఎర్రరంగు పోయి తెల్లగా వెలిగాయి. మిషన్ ఒక్కసారి బుస్సుమంది. ముసలామె, "ఓయమ్మో, పామో!" అని అరుగు మీది నుంచి దిగింది.

ఇక అప్పటి ముత్యాన్ని చూడాలి. పొడి నింపడం, పిడి బిగించడం, గొట్టం కింద పాలు పెట్టి నురుగు లేపడం. ఒక చెయ్యి చేసేది ఇంకో చేతికి తెలుసు. గోడకు జరగడం మరిచిపోయాడు. "జరుగుండ్రి జర!" అని వాళ్లనే జరిపాడు. "చక్కెర గింత గాదే, ఇంకింత వెయ్యి," అని భూమవ్వను గదిమాడు. ఆమె ఉలిక్కిపడి ఇంకింత వేసింది. గదిమినందుకు కోపం రాలేదు. లోపల ఎక్కడో చల్లగా అయ్యింది.

ఆకలి మీద, చలిలో, ఆ కాఫీ ఎవరికీ కాలిన వాసన రాలేదు. కాని సగం మంది కూడా తాగకముందే పొడి డబ్బా అడుగంటింది. దుబాయ్ నుంచి తెచ్చినది అదే ఆఖరి డబ్బా. ముత్యం డబ్బాను బోర్లించి తట్టాడు. మొహం చిన్నబోయింది.

భూమవ్వ లోపలికి పోయి చాయ్‌పత్త పొట్లం తెచ్చింది. ముత్యం చేతిలోంచి పిడి తీసుకుని దాని గిన్నెలో చాయ్‌పత్త కుక్కింది.

"ఏమే, గదేం పని? కాఫీ మిషన్ల చాయ్‌పత్త ఏస్తరా? ఖరాబైతది!"

"అయితే అయితది. దానికి నోరుందా, చాయ్ తాగనంటదా?" అని పిడి బిగించి మీట తనే నొక్కింది. అది బుసకొట్టింది, ఆగింది, మళ్లీ బుసకొట్టింది. ఎర్రగా, చిక్కగా, సన్నటి ధారగా చాయ్ దిగింది. మొదటి గ్లాసు అంతయ్యకు ఇచ్చింది. ఆయన తాగి కళ్లు మూసుకున్నాడు.

"అరె ముత్యం, ఇన్నొద్దులు గిదెందుకు దాచి పెట్టినవ్‌రా?"

ముత్యం భార్య వైపు చూశాడు. దుబాయ్ నుంచి వచ్చాక మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వాడు. చావింటి ముందని గుర్తొచ్చి నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా రామవ్వ వచ్చింది. తల్లి మీద పడి ఏడ్చినంతసేపు ఏడ్చింది. దారి పొడుగునా నీళ్లు కూడా ముట్టలేదని వెంట వచ్చినవాళ్లు చెప్పారు. భూమవ్వ వేడి గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"పొయ్యి ముట్టియ్యలేరు గద భూమవ్వా, గిదెక్కడిది?"

"కరెంటుదే అత్తా. తప్పు లేదట, అంతయ్య మామనే చెప్పిండు. తాగు. ఇంకా వాగుదాక నడవాలె."

రామవ్వ రెండు చేతులా గ్లాసు పట్టుకుని తాగింది. తాగి, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

ఆదివారం కైలాసం సేటు జీపు మాట్లాడుకుని వచ్చాడు. భూమవ్వ రాత్రంతా మాటలు కూర్చుకుని ఉంది. సేటుకు కోపం రాకుండా ఎలా కాదనాలి, ముత్యానికి ఎలా చెప్పాలి అని. ఆమె పెదవి విప్పేలోపే లోపలి నుంచి ముత్యం గొంతు వినబడింది.

"అమ్మం సేటూ. యాష్టపడకు, ఏమనుకోకు."

"అక్క ఇస్తనన్నది గదన్నా! జీపు కూడా తెస్తిని."

"అన్నది. ఇప్పుడు నేనంటున్న. కూసో, చాయ్ తాగి పో."

సేటు చాయ్ తాగి, ధర ఇంకింత పెంచి చూసి, ఖాళీ జీపులో పోయాడు. భూమవ్వ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"నన్నొక మాట అడగొద్దా? ఇంట్ల నేను లేనా?"

"అడిగితే ఏమంటుంటివి?"

"అదంతా నీకెందుకు?" అని వాకిట్లోకి వచ్చేసింది.

బయట అంతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ నాటి నుంచి ఆయనకు రోజూ పొద్దున ఆ దారిలోనే పని పడుతోంది. చేతిలో చాయ్ గ్లాసు. ఆయన కొట్టంలో తొలిసారి ఈనడానికి సిద్ధమైన పడ్డ బర్రె ఉందని, గడ్డి వేసే దిక్కులేదని భూమవ్వకు తెలుసు.

"మామా, నీ పడ్డను నాకు పాలుకియ్యి, వాటా మీద. మేపుడు నాది. పాలు నాయి. దూడను సగం సగం చేసుకుందాం."

అంతయ్య గుక్క మింగి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏం దాన్నివే కోడలా! నోట్ల చాయ్ ఉండంగ అడిగితే ఎట్ల కాదంట? సరె, తోలుకపో. గని రోజు పొద్దుగాల నాకొక గ్లాసు పొయ్యాలె."

"పోస్త. చక్కెర మాత్రం నీ ఇంటికెల్లి తెచ్చుకో."

లోపల మిషన్ బుస్సుమంది. భూమవ్వ కొంగు దోపుకుని, పలుపుతాడు భుజాన వేసుకుని, పడ్డను తోలుకురావడానికి అంతయ్య కొట్టం వైపు నడిచింది.

— గడ్డం లస్మవ్వ, వయసు అరవై ఆరు, ఇప్పుడు ఉండేది వేములవాడలో, చిన్న బిడ్డ ఇంట్లో.