చుక్కలు లేని ఫైళ్లు

ముసలాయన నవ్వాడు. ఆ నవ్వు సింధూజకు స్పష్టంగానే వినిపించింది. నవ్వుకు ముందు ఆయన అన్న మాటే అందలేదు.

హెడ్‌ఫోన్ చెవులకు అదుముకొని రికార్డింగును మళ్లీ వెనక్కి జరిపింది. ఎలా ఉన్నారని ఫోన్ చేసినామె అడుగుతుంది. ముసలాయన గొంతు సవరించుకుంటాడు. ఐదారు మాటలు ఒకదానిలోకి ఒకటి ఒరుసుకుంటూ జారిపోతాయి. ఆపైన నవ్వు. నాలుగోసారి విన్నా అంతే. కానీ తెర మీద ఆ చోట శుభ్రమైన ఇంగ్లీషు వాక్యం ఒకటి కూర్చుని ఉంది. నేను బాగానే ఉన్నాను, ఏ ఇబ్బందీ లేదు అని దాని అర్థం. పొద్దున పదింటికి దాన్ని టైపు చేసింది తనే. ఎందుకు చేసిందో ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

సింధూజ పనిచేసే ఆఫీసు నల్లగొండ బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల దుకాణం పైన. పన్నెండు కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు. ఎక్కడో ఇంగ్లీషు దేశంలో ఒంటరిగా బతికే వృద్ధులకు వారానికోసారి ఫోన్ చేసి బాగోగులు కనుక్కునే సంస్థ ఒకటి ఆ సంభాషణల రికార్డింగులను ఇక్కడికి పంపుతుంది. ఇక్కడివాళ్లు విని, అక్షరాల్లో పెట్టి, సాయంత్రం నాలుగింటికి తిరిగి పంపాలి. అవి చదివి, ఎవరింటికి నర్సును పంపాలో అక్కడ నిర్ణయించుకుంటారు. నియమం ఒక్కటే: అర్థం కాని చోట మూడు చుక్కలు పెట్టి, పక్కన నిమిషం, సెకను వేయాలి. అప్పుడు ఆ ముక్కను వాళ్లే వింటారు.

సింధూజ ఫైళ్లలో చుక్కలు ఉండేవి కావు.

పదో తరగతి వరకు ఆమె చదివింది తెలుగులోనే. పుస్తకంలోని ఇంగ్లీషు వేరు, మనుషుల నోట్లోని ఇంగ్లీషు వేరు అని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. పక్క కుర్చీ అనూహ్య ఒక నోటుబుక్కు పెట్టుకుంది. ‘గొన్నా’ అంటే చేయబోతున్నాను, ‘డనో’ అంటే తెలియదు, ‘నాకర్డ్’ అంటే బాగా అలసిపోవడం. అందులో లేని మాటలకు అనూహ్య జంకు లేకుండా చుక్కలు పెట్టేది. ఒక్కో పేజీ చీమలు పాకినట్టు ఉండేది.

సింధూజకు అది చేతకాలేదు. గట్టుప్పల్‌లో ఆమె తండ్రి సిద్దిరాములు మగ్గం మీద పడుగు పోగు తెగితే, ఆడుకుంటున్న పిల్లనైనా పిలిచి అతికించేవాడు. ఒక్క పోగు లేకుండా నేస్తే చీర పొడవునా సన్నని గీత పడుతుంది. ఏడేళ్ల వయసుకే ఆమె వేళ్లు కంటికన్నా ముందు తెగిన చోటికి పోయేవి. తెగిన పోగును చూస్తూ ఊరుకోవడం ఆ ఇంట్లో బద్ధకం కిందే లెక్క. ఇక్కడ కూడా మాట తెగిన చోట ఆమె వేళ్లు ఆగలేదు. వాక్యానికి ముందేముంది, వెనకేముంది చూసుకుని, ఆ గొంతు ఏమనగలదో అదే అల్లేసేవి. అబద్ధం రాస్తున్నానని ఆమెకు ఏనాడూ తోచలేదు. తోచేంత వ్యవధి కూడా ఉండేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి సూపర్‌వైజర్ విజేందర్ అందరి మధ్యా నిలబడి చప్పట్లు కొట్టాడు.

“జర గిటు సూడుండ్రి. మూడు నెలల్ల నూట నలభై మూడు ఫైళ్లు జేసింది సింధూజ. ఒక్క చుక్క లేదు. అక్కడోళ్లు గూడ ఖుష్ అయిండ్రు. ఇయ్యాల్టి సంది ఈమె ఫైళ్లు నేను సూసుడు లేదు, సీదా పోతయి. మొన్న చెప్పినట్టే శుక్రారం పర్మనెంట్ కాయితం ఇస్తున్నం.”

“ఇగ మాతోని మాట్లాడుతవా లేదే?” అని అనూహ్య మోచేత్తో పొడిచింది. “నా పుస్తకం నీకిస్త తియ్, నీ చెవులు నాకియ్యి.”

అందరూ నవ్వారు. సింధూజ కూడా నవ్వింది. ఇన్నాళ్లూ తన వెనక ఇంకొకరు చూస్తారన్న ధీమా ఒకటి ఉండేదని, అది పోయాకే ఆమెకు తెలిసింది. కూర్చుని పొద్దుటి ఫైలు తెరిచింది. అప్పుడే ఆ నవ్వు.

ఆయన ఏమన్నాడు? జోకు వేశాడేమో. ఛాతీలో నొప్పి అన్నాడేమో. బాగా బాధలో ఉన్నప్పుడు నవ్వేవాళ్లు ఆమెకు తెలుసు. మర్రిగూడ నుంచి వచ్చే మేనత్త బిక్షమ్మ, వంగిపోయిన మోకాళ్లు పట్టుకుని లేస్తూ నవ్వేది. ఆమె నవ్వును ఎవరైనా “బాగానే ఉన్న” అని రాసుకుంటే?

ఒంటిగంటన్నరకు సద్దిగిన్నె మూత తీయకుండానే మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది. అవతల మగ్గం చప్పుడు ఆగింది.

“తిన్నవా బిడ్డా?”

“తిన్న బాపూ. ఒకటి అడుగుత. తప్పు పోగు అతికినవనుకో. నేసినంక యాదికొచ్చింది. ఏం జేస్తవ్?”

“ఎంత దూరం నేసిన?”

“శానా దూరం.”

“ఇగ ఏం జేస్త? పోనిస్త. కట్టుకునేటోళ్లకు ఏమెర్క? నూరు పోగులల్ల ఒక్కటి. ఎవలు సూస్తరు?” అని, గొంతు తగ్గించి, “ఏందే, గక్కడ ఏమన్న అయిందా? మీ అమ్మ ఊరంత చెప్పుకున్నది శుక్రారం కాయితమిస్తరని” అన్నాడు.

“ఏం గాలే బాపూ. ఉట్టిగనే అడిగిన.”

ఓదార్పు కోసం చేసిన ఫోన్ అది. దొరికింది కూడా. కానీ ఆ మాట ఇక్కడ అతకదని ఫోన్ పెట్టేశాక తట్టింది. చీర కట్టుకునేవాళ్లు చూడరు, నిజమే. ఈ కాగితాన్ని మాత్రం ఒకరు చూస్తారు. చూసి, ఆ ముసలాయన బాగానే ఉన్నాడనుకుని పక్కన పెడతారు. వారం దాకా ఆయన తలుపు ఎవరూ తట్టరు.

మూడున్నర. ఆ ఒక్క వాక్యం చెరిపి చుక్కలు పెట్టేస్తే సరిపోతుంది, ఎవరికీ చెప్పనక్కర లేదు. వాక్యాన్ని చెరిపింది. చుక్కలు పెట్టింది. ప్రాణం తెరిపిన పడలేదు. మిగతా నూట నలభై రెండు? ఏ వాక్యం విన్నది, ఏ వాక్యం అల్లింది? ఒక పాత ఫైలు తెరిచి చదివింది. అన్నీ ఒకే నునుపుతో ఉన్నాయి. తన చేతిపనిలో తన అతుకు తనకే కనిపించడం లేదు. ఆ క్షణంలో ఆమెను నిజంగా భయపెట్టింది అదే.

నాలుగింటికి పది నిమిషాల ముందు విజేందర్ టేబుల్ దగ్గర నిలబడింది.

“సార్, నా ఫైళ్లు ఆపుండ్రి.”

“ఏమాయె?”

“నాకు తెల్వని కాడ గూడ రాసిన సార్. అందాజాగ.”

విజేందర్ తలెత్తాడు. “ఎన్ని తావుల?”

“తెల్వది.”

“తెల్వదంటే? పదా, ఇరవయ్యా?”

“ఏది ఇన్ననో, ఏది నేనే కల్పించిన్నో యాదికొస్తలేదు సార్. పొద్దటి ఫైల్ల ఒక ముసలాయన ఉన్నడు. ఆయన బాగున్న అన్నడని రాసిన. ఆయన గట్లన్నది నేను ఇనలే. ఏమన్నడో నాకెరుక లేదు.”

విజేందర్ ముఖంలో ముందు కోపం కనిపించింది. తర్వాత అది జంకుగా మారింది. మధ్యాహ్నం చప్పట్లు కొట్టింది తను. “నా నోరు నొక్కేసినవ్ గదా అమ్మా,” అన్నాడు మెల్లగా. “శుక్రారం కాయితం మీద నీ పేరుండది. అది నా చేతుల లేదు ఇగ.”

“సరే సార్. ముందుగాల ఆ ముసలాయన ముచ్చట చెప్పుండ్రి వాళ్లకు.”

విజేందర్ ఫైలు నంబరు, నిమిషం, సెకను వేసి సందేశం పంపాడు. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. రెండే మాటలు: ‘ఆన్ ఇట్’.

ఇద్దరూ తెర వంక చూశారు. దాని మీద ఉన్నాం అట. దేని మీద? కోపం మీదనా? సింధూజ మెదడు అప్పుడే ఒక అర్థం అల్లడం మొదలుపెట్టింది. కష్టంగా ఆపింది.

“గదేంది సార్? తిట్టిండ్రా?”

విజేందర్ గడ్డం గోక్కున్నాడు. ఆరేళ్లుగా ఈ పని చేయిస్తున్నవాడు. చుట్టూ చూసి, ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని, “నాకు గూడ తెల్వది,” అన్నాడు.

“అడుగుండ్రి మరి.”

ఆయన అడిగాడు. ఈసారి జవాబు కొంచెం పొడుగ్గా వచ్చింది. ఆ పని ఇప్పుడే చూస్తున్నాం అని ఆ మాటకు అర్థమట. ఆ ముక్క విన్నారట, నర్సు బయల్దేరిందట. ముసలాయన ఏమన్నాడో మాత్రం రాయలేదు. అడగాలని ఉన్నా సింధూజ అడగలేదు.

తన కుర్చీలోకి వచ్చి మొదటి నెల మొదటి ఫైలు తెరిచింది. అనూహ్య సంచి భుజానికి తగిలించుకుంటూ, “పోదాం పావే, చండూరు బస్సు దాటిపోతది,” అన్నది.

“నువ్వు పో. జర నీ పుస్తకం ఇచ్చిపో.”

అనూహ్య వింతగా చూసి నోటుబుక్కు టేబుల్ మీద పెట్టి వెళ్లింది. సింధూజ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. రెండో నిమిషంలో ఎవరో ఆడమనిషి ఏదో అన్నది. తెర మీద చక్కని వాక్యం ఉంది. వెనక్కి జరిపి విన్నది. అదే అన్నట్టు ఉంది. మళ్లీ వింటే కాదేమో అనిపించింది. మూడోసారి విని, వాక్యం చెరిపి, మూడు చుక్కలు పెట్టింది. పక్కన నిమిషం వేసింది, సెకను వేసింది.